నాయినమ్మ మాటకు ఎడిటింగ్ ఖర్చు

"శిరోజాలంటే ఏంది బిడ్డా?"

మా నాయినమ్మ ఆ మాట అడిగినప్పుడు నా చేతిలో ఎర్ర పెన్నుతో దిద్దిన నూట అరవై పేజీల కట్ట ఉంది. ఆ దిద్దుబాటుకు నేను 9,600 రూపాయలు ఇచ్చాను. అందులో ఒక్క రూపాయి కూడా నాది కాదు.

మా ఊరు దేవరకొండ నుంచి డిండి పోయే తొవ్వలో ఉంటది. వాగు ఇటు పక్క నల్లగొండ, అటు పక్క పాత పాలమూరు జిల్లా. సుట్టరికాలు రెండు దిక్కులా ఉన్నయ్. కరువు కూడా రెండు దిక్కులా ఒక్కటే. మా తాతల కాలంలో వానలు పడకపోతే గుంపు మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకొని, సద్ది మూట కట్టుకొని డ్యాం పనులకు పోయేవాళ్లు. 'పాలమూరు లేబర్' అన్న పేరు అట్ల వచ్చిందే. మా నాయినమ్మ కూడా పదహారేండ్లప్పుడు నాగార్జునసాగర్ పనికి పోయింది.

నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌ని. రెండేళ్ల కింద ఆమె ముచ్చట్లు ఫోన్‌లో రికార్డు చేయడం మొదలుపెట్టాను. తర్వాత మా ఊళ్లో, పక్క ఊళ్లలో ఇంకో పదకొండు మంది ముసలోళ్ల దగ్గర కూర్చున్నాను. శని, ఆదివారాలు రాసి వాట్సాప్‌లో పంపేదాన్ని. చదివినవాళ్లే "పుస్తకం ఎయ్యి" అన్నారు. పబ్లిషర్ ఎవరూ లేరు కాబట్టి వాళ్లనే అడిగాను. నూట ముప్పై రెండు మంది కలిసి 61,500 రూపాయలు పంపారు. ఐదు వేలు ఇచ్చిన డాక్టర్ ఉన్నాడు, యాభై రూపాయలు ఫోన్‌పే చేసిన ఆటో డ్రైవర్ ఉన్నాడు.

లెక్క రాసుకున్నాను. ఐదు వందల కాపీల అచ్చుకు నలభై వేలు. కవరు, డీటీపీ కలిపి తొమ్మిది వేలు. ఎడిటింగ్‌కు పేజీకి అరవై చొప్పున 9,600. మిగిలింది పోస్టు ఖర్చులకు. "ఎడిటింగ్ ఎందుకు, నువ్వు బాగనే రాస్తవు కదా" అని స్నేహితులు అన్నారు. ఆఫీసులో ఇంకొకరు చూడకుండా నా కోడ్ ఒక్క లైను కూడా ముందుకు పోదు. మరి జనం పైసలతో వేసే పుస్తకం ఇంకొకరు చూడకుండా ఎట్ల పోతది?

తెలిసినవాళ్లు ఒక పెద్దాయన్ని చూపించారు. ముప్పై ఏండ్లు పత్రికల్లో సబ్ ఎడిటర్‌గా చేసి రిటైరయ్యారు. ఆయనకు ప్రింట్ తీసిన కాగితాల మీదనే చూడటం అలవాటు. ఫైలు పంపి, ఫోన్‌లో నేను చెప్పింది ఒక్కటే మాట: "సార్, కొంచెం ఎడిట్ చేసి పెట్టండి." మూడు వారాల్లో కట్ట ఇంటికొచ్చింది. చదవకుండానే డబ్బులిచ్చిన అందరికీ "ఎడిటింగ్ పూర్తయింది" అని మెసేజ్ పెట్టాను. అది నా మొదటి తప్పు.

సంక్రాంతికి ఊరికి పోయి నాయినమ్మకు చదివి వినిపించాను. ఆమెకు చదువు రాదు. రికార్డింగ్‌లో ఆమె అన్నది ఇది: "మోసి మోసి నడినెత్తి మీద ఎంటికలు మొలవనే లేవు." ఇప్పుడు పేజీలో ఉన్నది: "నిరంతరం బరువులు మోయడం వల్ల నా శిరోజాలు రాలిపోయాయి." ఆమె "దూపకు నాలుక పిడుసగట్టుకపోయేది" అంటే, పేజీలో "తీవ్రమైన దాహంతో బాధపడేవాళ్లం" అని ఉంది.

నాయినమ్మ అంతా విన్నది. "మంచిగనే ఉంది గాని, ఇది ఎవలు జెప్పిన ముచ్చట?" అన్నది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. చాలా కోపం వచ్చింది. మా భాషను తక్కువ చేసిండని ఒక పెద్ద మెసేజ్ టైపు చేశాను. పంపలేదు. ఎందుకంటే అదే కట్టలో 74వ పేజీ అంచున ఆయన రాసిన ఒక గమనిక కనిపించింది.

నాయినమ్మ సాగర్ నీళ్లు వదిలిన నాడు నెహ్రూను చూసిందని నేను రాశాను. ఆయన పక్కన ఇట్ల రాశారు: "శంకుస్థాపన 1955 డిసెంబర్ 10, నెహ్రూ. కాలువలకు నీటి విడుదల 1967 ఆగస్టు 4, ఇందిరాగాంధీ. నెహ్రూ 1964లోనే పోయారు. ఒకసారి అడిగి చూడండమ్మా." నేను పొద్దున నాయినమ్మను అడిగాను. ఆమె నవ్వింది. "రాయి ఏసిన్నాడు నెహ్రూను సూసింది మా నాయిన. నీళ్లిడిసిన్నాడు నేను సూసింది ఆయన బిడ్డను. రెండు ముచ్చట్లు నువ్వే కలిపినవ్." రికార్డింగ్ మళ్లీ విన్నాను. నిజమే, కలిపింది నేనే. ఆ తప్పుతో పుస్తకం అచ్చయి ఉంటే, మిగతా పదకొండు మంది చెప్పింది కూడా ఎవరూ నమ్మకపోదురు.

మెసేజ్ చెరిపేసి ఫోన్ చేశాను. శిరోజాల సంగతి చెప్పాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్నారు: "అమ్మా, నాకు మీరు పంపింది టైపు చేసిన ఫైలు. అందులో ఏది మీ వాక్యమో, ఏది మీ నాయనమ్మ గారి నోటి మాటో నాకెలా తెలుస్తుంది? నాకు ముప్పై ఏళ్లు నేర్పింది ఒకటే, అందరికీ ఒకే భాషలోకి మార్చడం. మీరు వద్దని చెప్తే మార్చేవాణ్ని కాదు కదా."

ఆఫీసులో ఏం కావాలో రాసివ్వకుండా పని మొదలుపెడితే నేనే అందరికన్నా ముందు గొడవ చేస్తాను. ఇక్కడ మాత్రం ఐదు పదాల్లో పని అప్పగించాను. అచ్చుతప్పులు దిద్దడం వేరు, వాక్యం సరిచేయడం వేరు, నిజాలు సరిచూడటం వేరు. ఈ మూడింట్లో నాకేది కావాలో నేనే ఆలోచించలేదు.

ఇద్దరం కూర్చొని ఒక పేజీలో రాసుకున్నాం. నా కథనంలో వాక్యాలు ఆయన దిద్దొచ్చు. కోట్స్‌లో ఉన్న మాట ముట్టకూడదు. దూప, పైలం, అరుసుకునుడు లాంటి అరవై మాటల పట్టిక నేనిస్తాను, ఒక్కో మాటకు పుస్తకమంతా ఒకటే స్పెల్లింగ్ ఉండాలి. తేదీలు, పేర్లు అనుమానం వస్తే మార్చకుండా పక్కన ప్రశ్న పెట్టాలి. డీటీపీ అయ్యాక ఇంకోసారి చూడాలి, ఎందుకంటే యూనికోడ్ నుంచి అను ఫాంట్‌కు మార్చేటప్పుడు ఒత్తులు చెదిరిపోతయ్. రెండోసారి చూడటానికి ఆయన సగం రేటే అడిగారు, 4,800. బేరం ఆడలేదు. వంగి కూర్చొని నూట అరవై పేజీలు మళ్లీ చదవడం కూడా కైకిలే కదా.

ఆ మధ్యలో ఒక సంగతి గుర్తు చేసుకున్నాను. పుస్తకం సరిచేయించడానికి పైసలిచ్చి మనుషుల్ని పెట్టుకోవడం నాతో మొదలు కాలేదు. సి.పి. బ్రౌన్ కడపలో సొంత డబ్బుతో పండితులను పెట్టి తాళపత్ర ప్రతులు పోల్చి చూపించుకున్నాడు, అప్పుల పాలయ్యాడు. మా పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి సంగతి వేరే. తెలంగాణలో కవులే లేరని ఒకరంటే 354 మంది పద్యాలు పోగుచేసి 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. మనుషులు ఉన్నరని చూపించాలంటే వాళ్ల మాటే చూపించాలి. దాన్ని మనమే మార్చి చూపిస్తే, లేరన్నవాడి మాటే నిజమైతది.

కష్టమైంది డబ్బులిచ్చినవాళ్లకు చెప్పడం. ఎడిటింగ్ పూర్తి కాలేదని, తప్పు ఎడిటర్‌ది కాదు నాదని, రెండోసారి ఖర్చు 4,800 నా జీతం నుంచి పెడుతున్నానని, పుస్తకం రెండు నెలలు లేటని రాశాను. ఖర్చుల పట్టిక, శిరోజాల వాక్యం, నాయినమ్మ అసలు మాట అన్నీ పెట్టాను. గంటసేపు ఎవరూ మాట్లాడలేదు. ఒకాయన తన ఐదు వందలు వాపస్ అడిగాడు. వెంటనే పంపాను, ఆయనకు ఆ హక్కు ఉంది. రాత్రి పదకొండింటికి పుణెలో మేస్త్రి పని చేసే మా పక్కూరి అతను రెండు వందలు పంపాడు. కింద ఒక లైను: "నడినెత్తి ముచ్చట మా అమ్మది గూడ గదే అక్కా. తియ్యకు."

ఉగాది ముందు ఆఖరి ప్రూఫ్ వచ్చింది. మళ్లీ ఊరికి పోయి అరుగు మీద కూర్చొని చదివాను. ఎంటికలు మళ్లీ నడినెత్తి మీదికి వచ్చినయ్. నెహ్రూ 1955లో ఉన్నాడు, ఆయన బిడ్డ 1967లో ఉంది. నేను రాసిన ఒక వాక్యం దగ్గర మాత్రం నాయినమ్మ చెయ్యి ఎత్తింది.

"సిమెంటు మాలు గంపల మోస్తరా ఎవరన్న? మట్టికి గంప. మాలుకు గమేల. రాసుకో."

పెన్ను తీసి దిద్దాను. ఆ ఫొటో ఎడిటర్ గారికి పంపితే ఆయన నుంచి జవాబు వచ్చింది: "ఇది నాకూ తెలియదమ్మా. పుస్తకంలో ఎడిటర్ల పేర్ల దగ్గర ఆమె పేరు ముందు వేయండి."

అట్లనే వేశాను.