జార్‌లోకి ఎక్కని తెలుగు

సాఫ్ట్‌వేర్ ఆఫీసుల అద్దాల మేడల గురించి వ్యాసాలు చాలా వచ్చాయి, లోపల పనెలా జరుగుతుందో రాయమని ఎడిటర్ గారు మాదాపూర్ పంపారు. మేనేజర్ గారు క్యాంటీన్ చూపిస్తానన్నారు కానీ నా చెవి మూలనున్న స్పీకర్ ఫోను మీద పడింది. వీళ్ళ బిల్లుల సాఫ్ట్‌వేర్ వాడే తెనాలి ఎరువుల కొట్టాయన గొంతు: "కొత్తది ఎక్కించారు, తెలుగంతా పోయిందండీ. మా గుమాస్తాకి ఇంగ్లీషు రాదు. బిల్లులెవరు కొడతారు?"

ఫోను ముందున్నామె బిల్డులు, అంటే కోడ్‌ను వాడకానికి సిద్ధం చేసే పని, చూసే ఇంజినీరు. "నా సిస్టమ్‌లో బాగానే వస్తోందక్కా," అన్నాడు పక్క కుర్రాడు. ఆమె వాదించలేదు. మౌస్ ముట్టకుండా కొట్టుకు పంపిన జార్ ఫైలు జాబితా తీసింది. జార్ అంటే జావా ప్రోగ్రామ్‌ను మూటగట్టే ఒక రకం జిప్పే. తెర మీద ఒక్కో వరుసా వేలితో పట్టుకుంటూ దిగింది. ఇంగ్లీషు మాటల ఫైలుంది, తెలుగుది లేదు. తర్వాత కుర్రాడి సిస్టమ్‌లో బిల్డ్ ఫలితాలు చేరే టార్గెట్ ఫోల్డర్ మొత్తం తుడిపించి మళ్ళీ బిల్డ్ చేయించింది. అక్కడా తెలుగు మాయం! అతనికి ఇన్నాళ్ళూ కనిపించింది పాత బిల్డులో మిగిలిపోయిన కాపీ. కొట్లకు పంపే జార్‌ను తయారుచేసే సర్వర్ ప్రతిసారీ ఖాళీ ఫోల్డర్‌తో మొదలుపెడుతుంది.

కారణం చిన్నదే. బిల్డ్ చేసే మేవెన్ అనే పనిముట్టు తనంతట తాను జార్‌లోకి చేర్చేది రిసోర్సెస్ ఫోల్డర్‌లో ఉన్నవాటిని. తెలుగు ఫైలును ఎవరో జావా ఫోల్డర్‌లో, కోడ్ పక్కన పెట్టారు. దాన్ని కూడా తీసుకోమని మేవెన్‌కు చెప్పే పామ్ ఫైల్లో ఉన్న నాలుగు వరుసల్ని ఇంకెవరో అనవసరమని కొట్టేశారు. ఆమె ఫైలును రిసోర్సెస్‌లోకి మార్చి, జార్ జాబితాలో కనిపించాకే కొట్టాయనకు ఫోను చేసింది.

నాకు ఒళ్ళు మండింది మాత్రం వేరే సంగతికి. కోడ్‌లో ఒక్క సెమికోలన్ తప్పిపోతే బిల్డ్ ఆగిపోతుంది. ఒక భాష మొత్తం తప్పిపోతే "బిల్డ్ సక్సెస్" అంటుంది! తెలుగు ఫైలు దొరక్కపోతే జావా కిక్కురుమనకుండా ఇంగ్లీషు ఎత్తుకుంటుంది. ఈ చిన్నచూపు ఇవాళ్టిది కాదు. 2017లో జావా 9 వచ్చేదాకా తెర మాటలుండే ఈ ప్రాపర్టీస్ ఫైళ్ళలో మామూలుగా తెలుగును తెలుగులా రాసే వీలు లేదు. "త" కావాలంటే 0సీ24 అని యూనికోడ్ అంకె వేయాల్సిందే. ఇప్పుడు ఆ అడ్డు లేదు. అయినా ఆ ఆఫీసులో తెలుగు తెరకు ఒక్క పరీక్షా లేదు. "తెలుగు పెట్టుకునేవాళ్ళు తక్కువేనండీ," అన్నారు మేనేజర్ గారు. అమ్మేది తెలుగు ఊళ్ళలో!

జార్‌లో తెలుగు ఫైలుందా, ఇంగ్లీషు ఫైల్లోని ప్రతి మాటకూ అందులో జోడీ ఉందా అని చూసే పరీక్ష రాయడం పూట పని. లేదంటే బిల్డ్ ఆగిపోవాలి. అది రాయించే బాధ్యత కొనేవాళ్ళది కూడా. మీ యాప్‌లో తెలుగు మధ్య ఇంగ్లీషు ముక్క కనిపిస్తే సర్దుకుపోకండి, తెనాలి ఆయనలా ఫోను చేసి అడగండి.