గ్యాస్ ఎక్కడికి పోతోంది?

కారు ఏసీ మళ్లీ వేడిగాలి కొడుతోంది. సర్వీస్ సెంటర్‌కి వెళ్తే గ్యాస్ నింపుతారు, బిల్లు వేస్తారు, కారు తళతళలాడేలా కడిగిస్తారు. ఏసీ గ్యాస్ పెట్రోలు కాదు కదండీ, వాడితే అయిపోవడానికి! లీకుంటేనే తగ్గుతుంది. ఆ లీకు మాత్రం వెతకరు. ఫీడ్‌బ్యాక్ కాల్‌కి పదికి పది ఇవ్వమని బతిమాలడంలో మాత్రం లోటు లేదు.

ఇదే బాధ పడుతున్నవాళ్లు జాబ్ కార్డులో ఫిర్యాదు మీ మాటల్లోనే రాయించండి. 'జనరల్ చెకప్' అని రాస్తే సంతకం పెట్టకండి. కాపీలు దాచుకోండి. వాళ్లు కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యండి. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కేసు వెయ్యడానికి గడువు 2 ఏళ్లు.