అక్షర సాక్ష్యం

న్యాయస్థానం అనగానే మనకు నేరాలు, శిక్షలు, నల్లకోటు న్యాయవాదులు స్ఫురిస్తారు. ప్రాచీన సాహిత్యం చదువుకున్న తెలుగు అధ్యాపకునికి అక్కడేం పని అని మీకు సందేహం కలగవచ్చు. మొదట నాకూ కలిగింది.

సాధారణ సాక్షి తాను కన్నదీ విన్నదీ చెబుతాడు. నిపుణ సాక్షి తన విద్య ఆధారంగా అభిప్రాయం చెబుతాడు. అందుకు కారణాలూ చూపుతాడు. 1872 నాటి భారత సాక్ష్య చట్టంలోనూ, 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోనూ ఇందుకు చోటుంది. ఆ అభిప్రాయాన్ని స్వీకరించాలా వద్దా అన్నది న్యాయమూర్తి నిర్ణయం.

కొన్నేళ్ళ క్రితం ఒక వృద్ధురాలి న్యాయవాది కోరగా, పాత పంపక పత్రం చదివి నివేదిక ఇమ్మని న్యాయస్థానం నన్ను ఆదేశించింది. అది శాలివాహన శకం 1852, ప్రమోదూత సంవత్సరంలో, అనగా 1930లో, ఒక గ్రామ కరణం గొలుసుకట్టు రాతలో రాసినది. అందులోని ఒక మాటను ఆమె పక్షం ‘తూముకడ భూమి’ అనీ, ప్రతిపక్షం ‘తూమెడు భూమి’ అనీ చదివాయి. తూము అంటే చెరువు నీరు వదిలే మార్గం. ధాన్యపు కొలత కూడా. ఇరవై తూములు ఒక పుట్టి. మొదటి పాఠం నిజమైతే చెరువు తూము దగ్గరి పొలమంతా ఆమెది. రెండవదైతే తూమెడు విత్తనాలు పట్టే చెక్క మాత్రమే దక్కుతుంది. ఆమెకు వేరే జీవనాధారం లేదు.

జిరాక్సు ప్రతిని నమ్మక, అసలు పత్రాన్ని న్యాయస్థానంలోనే భూతద్దంతో పరిశీలించాను. తాళపత్ర గ్రంథాల పరిష్కరణలో నేర్చిన పద్ధతే అక్కరకు వచ్చింది. లేఖకుని రాతను అతని రాతతోనే పోల్చాలి. మడత పడినచోట నడిమి అక్షరం చెరిగిపోయింది; చివరిది మిగిలింది. దానికి కొమ్ము ఉంది. అదే పత్రంలో స్పష్టంగా ఉన్న ‘కుంచెడు’లోని ‘డు’తో అది సరిపోయింది. ‘కడ’ అని రాసినచోట ‘డ’కు కొమ్ము లేదు. కనుక ‘తూమెడు’ అనే పాఠమే సమంజసమని రాశాను. నడిమి అక్షరం కనబడటం లేదనీ రాశాను.

బోనులో ప్రమాణం చేసిన తరువాత ఆమె న్యాయవాది నన్ను ప్రశ్నించారు.

“కావ్యాలు చదువుకున్న మీకు పొలాల సంగతి ఏం తెలుసు?”

“పొలం విస్తీర్ణం నేను చెప్పలేనండీ. మాట అర్థం, అక్షర రూపం చెప్పగలను.”

“చెరిగిన అక్షరం ‘క’ కావచ్చు కదా?”

“ఆ ఒక్క అక్షరమే చూస్తే కావచ్చు. చివరి కొమ్ము అందుకు ఒప్పుకోదు.”

“అయితే ఆ పొలం ఎవరిది?”

“అది న్యాయమూర్తి గారు తేల్చవలసిన విషయం.”

ఎదుట బల్లమీద ఆ వృద్ధురాలు కూర్చుని ఉంది. ఆమెకు మేలు చేసే మాట ఒకటి అదనంగా చెప్పాలని మనసు పీకింది. కాని నా జాలితో ఆ కొమ్ము చెరిగిపోదు. పైగా నేడు దయతో ఒకరికి అనుకూలంగా చదివితే, రేపు భయంతో మరొకరికి అనుకూలంగా చదవవలసి వస్తుంది.

వెలుపల ఆమె నన్ను ఆపి, “అయ్యా, మా తాత కాగితంలో అట్లాగే ఉందా?” అని అడిగింది. “అట్లాగే ఉందమ్మా” అన్నాను. ఆమె తల ఊపి మెల్లగా మెట్లు దిగింది.

ఆ తరువాత మరికొన్ని వ్యాజ్యాలలో పాత పత్రాలు చదివాను. విద్యార్థులారా, మీరు నేర్చే ఏ విద్యకైనా ఇటువంటి రోజు రావచ్చు. తెలిసినంతే చెప్పడం, తెలిసినది దాచకపోవడం అప్పటికప్పుడు అబ్బే గుణాలు కావు. వాటిని తరగతి గదిలోనే అలవరచుకోవాలి.