ఇస్తిఖ్లాల్‌లో ఒక జుహ్ర్ నమాజు

ఇండోనేషియా రాజధాని జకార్తాకు మేము విహారయాత్రకే వెళ్ళాము. అక్కడ ఉద్యోగం చేస్తున్న మా అల్లుడు చూడవలసిన స్థలాల జాబితా సిద్ధం చేసి ఉంచాడు. అందులో మొదటిది ఇస్తిఖ్లాల్ మస్జిద్. దైవగృహాన్ని వింతలా చూసి రావడమేమిటని మనసు కొంచెం నొచ్చుకుంది.

ఇస్తిఖ్లాల్ అంటే అరబీలో స్వాతంత్ర్యం. డచ్చి పాలన నుండి విముక్తి లభించినందుకు అల్లాహ్‌కు కృతజ్ఞతగా ఇండోనేషియా ప్రజలు నిర్మించుకున్న మస్జిద్ ఇది. ఒకనాడు డచ్చివారి కోట ఉన్న చోటనే 1961లో అధ్యక్షుడు సుకర్ణో పునాదిరాయి వేశారు. 1978లో ప్రారంభమయింది. నమూనాల పోటీలో నెగ్గి దీనికి రూపకల్పన చేసిన ఫ్రెడరిక్ సిలబాన్ క్రైస్తవుడు. వీధికి ఆవల కేథలిక్కుల ప్రధాన చర్చి ఉంది. ఇప్పుడు రెండింటినీ ఒక భూగర్భ మార్గం కలుపుతున్నది.

లోపల ఉక్కు తొడుగు వేసిన 12 భారీ స్తంభాలు గుంబజును మోస్తున్నాయి. గుంబజు వ్యాసం 45 మీటర్లు. స్వాతంత్ర్యం ప్రకటించుకున్న 1945వ సంవత్సరానికి అది గుర్తు. చెక్కడాల ఆడంబరం లేదు. విశాలతే దాని అలంకారం. విదేశీ సందర్శకులు కొందరు పొడవాటి అంగీలు ధరించి పై అంతస్తు నుండి ఫోటోలు తీసుకుంటున్నారు. నేనూ ఫోన్ బయటికి తీశాను.

అంతలో అజాన్ వినిపించింది.

"అమ్మీ, వుజూ చేసుకుందాం పద" అన్నది మా అమ్మాయి.

"ఇక్కడా? మనల్ని రానిస్తారా?" అన్నాను. నా నోటివెంట వచ్చిన ఆ మాటకు నేనే ఉలిక్కిపడ్డాను. నలభై ఏళ్ళుగా మా వీధి మస్జిద్ అజాన్‌ను వంటింట్లో నుండే విన్నాను. దాని గడప ఎన్నడూ దాటలేదు. అక్కడ స్త్రీలకు చోటు లేదు.

పక్కనున్న ఒక పెద్దావిడ మా మాటలు అర్థం కాకపోయినా నవ్వి, తెల్లని ముకెనా ఒకటి నా చేతికిచ్చింది. అక్కడి స్త్రీలు నమాజులో ధరించే వస్త్రమది. అదే విశాలమైన హాలులో, ఒకవైపు స్త్రీల వరుసలు. ఆమె భుజం నా భుజాన్ని తాకింది. ఇమామ్ 'అల్లాహు అక్బర్' అనగానే మా ఇద్దరికీ భాష ఒక్కటే అయింది. సజ్దాలో నా కన్నీళ్ళు ఆగలేదు.

స్త్రీకి ఇంట్లో నమాజు శ్రేష్ఠమన్న విషయం నాకు తెలియనిది కాదు. అయితే అల్లాహ్ దాసీలను ఆయన మస్జిదుల నుండి ఆపవద్దని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) ఉపదేశించిన విషయమూ మనం మరువరాదు కదా! బజారుకో ఆసుపత్రికో వచ్చిన సోదరి నమాజు వేళ దాటిపోతుంటే ఎక్కడికి వెళ్ళాలి? ఒక చిన్న గది, ఒక వుజూ కుళాయి, ఒక పరదా. అంతకు మించి ఆమె అడగదు.

మా వారు మా ఊరి మస్జిద్ కమిటీ సభ్యులు. ఎరుపెక్కిన నా కళ్ళు చూసి కూడా ఆయన ఏమీ అడగలేదు. తిరుగు ప్రయాణంలో, విమానం మేఘాల్లోకి చేరాక, మెల్లగా అన్నారు:

"మన మస్జిద్‌లో మెట్ల పక్కన పాత చాపలు పడేసే గది ఉంది చూడు... అందులో ఎంతమంది నిలబడగలరంటావ్?"