గునుగు కోసం రాచకొండకి

పోయినేడు ఎంగిలిపూల బతుకమ్మకి బజారులో గునుగు కట్టలు కొనుక్కొస్తే అత్తమ్మ ముఖం చిట్లించింది. "చేలల్ల మొలిచే గునుగును పైసలిచ్చి కొంటరా?" అంతే. ఊళ్ళో ఎకరం అమ్మి కొత్తపేటలో ఈ ఫ్లాటు కొన్నప్పటి నుంచీ ఆవిడ మాటలు అంత పొదుపు.

అందుకే ఈసారి పెత్రమాసకి ముందు ఆదివారం పులిహోర కట్టుకుని ముగ్గురం కారెక్కాం. హయత్‌నగర్ దాటి, చౌటుప్పల్ దగ్గర కుడికి తిరిగి, సంస్థాన్ నారాయణపురం మీదుగా రాచకొండ. గుట్టల నడుమ ఎటు చూసినా పసుపే. బి.ఏ.లో సర్వజ్ఞ సింగభూపాలుడి మీద పేజీలు నింపి మార్కులు తెచ్చుకున్నదాన్ని, ఆయన రాజధానిలో నిలబడి కసివిందను తంగేడనుకుని తెంపాను!

"ఆకు నలిపి వాసన సూడు బిడ్డా" అంది అత్తమ్మ. అబ్బ, ఏం కంపో!

పత్తిచేలల్లో గడ్డిమందు కొట్టినట్టున్నారు, గునుగు గట్ల మీదే మిగిలింది. చేనామెని అడిగి కోయబోతే, "ఏర్లతోని గుంజకు, తుంచు. ఇత్తు రాలాలె" అని అత్తమ్మ మోకాళ్ళ నొప్పి మరిచి తనే వంగింది. చేతి నిండా అయ్యాక ఆమెని అడిగింది: "ఇక్కడ ఎకరం ఎంత పలుకుతున్నదమ్మా?"

ఆమె చెప్పింది. మావారు నేల చూపులు చూశారు.

కారులో కూర్చున్నాక కూడా ఆయన తాళం తిప్పలేదు. వెనక సీట్లోంచి అత్తమ్మే అంది: "పోనియ్యి కొడుకా. తంగేడు వాడిపోతది."