ఓర్చుకోకండి, చెప్పండి!

నాకు పేస్‌మేకర్ పెట్టి మూడేళ్ళయింది. చెప్పొద్దూ, అదొకటుందన్న సంగతే మర్చిపోయాను. మొన్న చెకప్‌కి వెళ్ళినప్పుడు "మెట్లెక్కితే ఆయాసమొస్తోంది డాక్టరుగారూ" అన్నాను. ఛాతీ మీద చిన్న పరికరం ఆనించి సెట్టింగులు మార్చారు. కోతా లేదు, కుట్టూ లేదు! కనీస వేగం నిమిషానికి 60 నుంచి 70కి పెంచారు. ఒళ్ళు కదిలితే గుండె వేగం పెరిగే ఏర్పాటూ చేశారు.

మెట్లు హాయిగా ఎక్కాను. కానీ గతుకుల రోడ్డు మీద ఆటోలో వెళ్తే దడ. కొబ్బరి కోరితే దడ. రాత్రిళ్ళు నిద్ర లేదు. 'అదే అలవాటవుతుందిలే' అని మావారికి కూడా చెప్పలేదు. ఓర్చుకోవడం మనకి కొత్తా చెప్పండి!

చివరికి మా కోడలు పసిగట్టింది. ఎప్పుడు, ఏం చేస్తుంటే దడ వచ్చిందో పాల లెక్క రాసే క్యాలెండర్లోనే రాయించింది. అది చూసి డాక్టరుగారు "కుదుపుల్ని కూడా నడకే అనుకుంటోందమ్మా మీ యంత్రం" అని నవ్వి, దాని జోరు తగ్గించారు. రాత్రిపూట వేగం మళ్ళీ 60కి దించారు. ఆ రాత్రి కంటినిండా నిద్రపోయాను.

కొత్త సెట్టింగులకి ఒళ్ళు సర్దుకోడానికి కొన్నాళ్ళు పట్టొచ్చు, నిజమే. కానీ దడ, ఆయాసం తగ్గకపోతే దాచుకోకండి. కళ్ళు తిరిగి పడిపోతే వెంటనే ఆస్పత్రికి వెళ్ళండి. యంత్రాన్ని మనకి తగ్గట్టు మార్చొచ్చు, మనం నోరు విప్పితేనే సుమా!