రామప్పలో మేమెవరం?

యునెస్కో 2021లో ప్రపంచ వారసత్వమన్న పాలంపేట రామప్పగుడి చుట్టూ గైడు వెంట తిరిగాం. 1213 నాటి రేచర్ల రుద్రుడి శాసనం, నీళ్లమీద తేలే ఇటుకలు, నల్లరాతి మదనికలు - అన్నీ చూపించాడు. 1323 దగ్గరికొచ్చేసరికి 'తురకలొచ్చి ఓరుగల్లును నాశనం చేశారు' అని, మా పేర్లు గుర్తొచ్చి గొంతు తగ్గించాడు. ఆ తగ్గించడమే గుచ్చుకుంది.

ఢిల్లీ సైన్యానికి మేమెట్లా వారసులం? మా నానీ ఉర్దూలో దువా చేసి, తెలుగులో నాట్ల పాటలు పాడింది. ఈ గుడుల మీద 1922లో పుస్తకం రాసిన నిజాం పురావస్తు శాఖాధిపతి గులాం యజ్దానీ పేరు మాత్రం గైడు నోట రాలేదు. కూల్చినవాళ్ల లెక్క మా ఖాతాలో రాసేవాళ్లు, ఈ రాళ్లను చదివినవాడి లెక్క ఎవరి ఖాతాలో రాస్తారు? మాకు 1323 ఒక్కటే కాదు, 1922 కూడా ఉంది.